బాగున్న కాలికి వైద్యం

ఆ రోజు పదకొండు గంటలకు లైన్‌మ్యాన్ కుడి మోకాలికి ఆఖరి పరీక్ష. అందుకని అతను పొద్దున్నే ఐదున్నరకు లేచి, చడీచప్పుడు లేకుండా మేడ మెట్ల దగ్గరికి వెళ్ళి, ఎడమకాలిని అలసగొట్టే పనిలో పడ్డాడు. మెట్ల కింద అతని బావమరిది ఒక చేతిలో నోటుపుస్తకం, ఇంకో చేతిలో పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరి మొహాల్లోనూ దొంగతనానికి వచ్చినవాళ్ళ కంగారు ఉంది. ఇల్లు మాత్రం లైన్‌మ్యాన్‌దే.

ఇందులోని తిరకాసు తెలియాలంటే మూడు నెలలు వెనక్కి వెళ్ళాలి. పద్దెనిమిదేళ్ళుగా వానలో, గాలిలో కరెంటు స్తంభాలెక్కి ఒక్కసారి కూడా కాలు జారని మనిషి, ఒక ఆదివారం తన వంటింట్లో బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడ్డాడు. ఆ స్టూలు ఎత్తు మూరెడు. పాదం నేలమీద అలాగే ఉండిపోయింది, ఒళ్ళు పక్కకు తిరిగింది, మధ్యలో మోకాలు టప్‌మంది. సాయంత్రానికి అది గుమ్మడికాయలా ఉబ్బి కూర్చుంది. స్కాన్ చూసిన సర్జన్, మోకాలి ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లోపలి లిగమెంటు కొంత తెగింది, కొంత పట్టుకునే ఉంది, ముందు వ్యాయామంతో బాగుచేసుకోండి, అది కుదరకపోతే అప్పుడు కోద్దాం అన్నాడు. ఆ మొత్తం మాటల్లో లైన్‌మ్యాన్ చెవికి ఎక్కింది చివరి ముక్క ఒక్కటే.

భార్య అతన్ని ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి. ఎవరు ఏ మోకాలు పట్టుకుని వచ్చినా ముందు రెండో మోకాలే చూస్తుంది. బాగున్న కాలు ఎలా ఉంటుందో తెలియకుండా బాగాలేని కాలు ఎంత చెడిందో ఎలా చెబుతామని ఆవిడ వాదన. అతన్ని బల్లమీద పడుకోబెట్టి, ఎడమ మోకాలు కాస్త వంచి, ఒక చేత్తో తొడ అదిమి, ఇంకో చేత్తో పిక్క ముందుకు లాగి చూసింది. తర్వాత కుడికాలు అలాగే లాగింది. అది కాస్త ఎక్కువగా జరిగి ఆగింది.

"ఆగుతోంది. ఆగుతున్నంతవరకూ కత్తితో పనిలేదు" అంది ఆవిడ.

అప్పటినుంచి మూడు నెలలు గడిచాయి. వాపు తగ్గింది. కాలు నిటారుగా చాపడం వచ్చింది, కూర్చుని లేవడం వచ్చింది, కళ్ళు మూసుకుని ఒంటికాలిమీద నిలబడటం వచ్చింది. ఇంట్లో భార్య గడియారం పట్టుకుని పక్కనే కూర్చుని ఒక్క లెక్క తప్పకుండా చేయించింది. ఇక మిగిలింది ఆఖరి పరీక్ష. నేలమీద టేపు పరిచి ఉంటుంది. ఒంటికాలిమీద ముందుకు దూకి, అదే కాలిమీద తూలకుండా నిలబడాలి. బాగున్న కాలు నూరు దూకితే దెబ్బ తగిలిన కాలు తొంభై అయినా దూకాలి. అలా దూకితేనే, స్తంభం ఎక్కవచ్చని ఆవిడ సంతకం పెడుతుంది.

ఆ కాగితం ఆ సాయంత్రంలోగా ఇంజినీరు గారి బల్లమీద ఉండాలి. గాయపడ్డవాళ్ళకు ఆఫీసు ఇచ్చే మూడు నెలల గడువు ఆ రోజుతో సరి. కాగితం రాకపోతే, తాత్కాలికంగా కూర్చోబెట్టిన ఫిర్యాదుల కౌంటరే లైన్‌మ్యాన్‌కు రిటైరయ్యేదాకా గతి. ఆ కౌంటర్‌లో పొద్దున్నించి సాయంత్రం దాకా చెవికి ఫోను ఆనించుకుని కరెంటు పోయినవాళ్ళ కోపం వినాలి. ఎప్పుడొస్తుందని అడిగితే, నాకు తెలియదండీ అని మొదటివారం ఉన్న మాట చెప్పాడు. ఆ మాటమీదే పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. పద్దెనిమిదేళ్ళ కాపురంలో చెప్పని క్షమాపణలు ఈ మూడు నెలల్లో చెప్పాడు. స్తంభం మీద అయితే గాలి తప్ప ఎవరూ మాట్లాడరు. పని ముగించి కిందికి చేయి ఊపితే వీధి మొత్తం దీపాలు ఒక్కసారి వెలుగుతాయి. అది తన చేతి చలవ అనుకోవడంలో ఉన్న సుఖం అతను ఎవరితోనూ చెప్పుకోలేదు, కానీ అది లేకుండా బతకడం అతనికి చేతకావడం లేదు.

కిందటి వారం ఎడమకాలు నూట ముప్ఫై మూడు సెంటీమీటర్లు దూకింది. కుడికాలు నూట పన్నెండు దగ్గర ఆగింది. ఫిజియోథెరపిస్టు అంకెలు రాసుకుని ఊరుకుంది. ఊరుకోనిది బావమరిది. అతను లెక్కల మాస్టారు. అంకె కనబడితే భాగించకుండా నిద్రపోలేడు. నూటికి ఎనభై నాలుగు వచ్చింది. వారంలో ఆరు పెరగడం కష్టమని ఇద్దరూ దిగులుపడ్డారు. ఆ దిగులులోంచే, పరీక్షకు ముందురోజు, బావమరిదికి ఆలోచన పుట్టింది. పేపరు అంచుమీద ఒక గీత గీసి, పైన కుడికాలు, కింద ఎడమకాలు వేసి చూపించాడు.

"లవం పెరగకపోతే ఏం బావా, హారం తగ్గించు. ఎడమకాలు నూట ఇరవై నాలుగే దూకిందనుకో, కుడికాలు ఉన్నచోటే ఉండి పాసైపోతుంది. నటిస్తే ఆవిడ పట్టేస్తుంది కాబట్టి నిజంగానే అలసిపోవాలి. నీకు కావలసింది తొమ్మిది సెంటీమీటర్ల అలసట, అంతే."

భయపడ్డ మనిషికి ఎవరు ఏ దారి చూపించినా రాచబాటలాగే ఉంటుంది. అక్కకి చెప్పొద్దని బావమరిది అన్నాడు, ఎందుకు చెప్తానని లైన్‌మ్యాన్ అన్నాడు. అలా మొదలైంది ఆ పొద్దుటి కార్యక్రమం.

మేడకు ఇరవై రెండు మెట్లు. ఎడమకాలితోనే ఎక్కాలి, ఎడమకాలితోనే దిగాలి. ఆరుసార్లు అయింది. ఒళ్ళు చెమట్లు పట్టింది కానీ కాలు మాత్రం అలసిన పాపాన పోలేదు. మూడు నెలలుగా రెండుకాళ్ళకూ వ్యాయామం చేయించిన పుణ్యం అది. బావమరిది నోటుపుస్తకంలోకి చూసి, ఈ లెక్కన తొమ్మిది గంటలు పడుతుందని తేల్చి, బరువు పెంచాలన్నాడు. పెరట్లో బకెట్ ఉంది. నిండా నీళ్ళు పట్టి లైన్‌మ్యాన్ చేతికి ఇచ్చాడు.

బకెట్‌తో ఏడోసారి ఎక్కడం బాగానే జరిగింది. దిగేటప్పుడు నీళ్ళు తొణికాయి. తడిసిన మెట్టుమీద ఎడమపాదం పట్టు దొరక్క పక్కకు పోయింది. బకెట్ అతన్ని దాటుకుని మెట్టుమెట్టుకూ మోగుతూ బావమరిది కాళ్ళ దగ్గరికి చేరింది. లైన్‌మ్యాన్ పడలేదు. గోడ పట్టుకుని మెట్టుమీద కూలబడ్డాడు. ఎడమ మోకాలికి లోపలిపక్క సుర్రుమంది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఎందుకన్నారో అతనికి ఆ క్షణంలో బాగా అర్థమైంది.

చప్పుడుకు భార్య పరిగెత్తుకొచ్చింది. తడి మెట్లు, దొర్లిన బకెట్, పాలిపోయిన మొగుడు, నోటుపుస్తకం వీపు వెనక దాచిన తమ్ముడు కనబడ్డారు. ఏం చేస్తున్నారని అడిగింది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేత కోసం అన్నట్టు, ట్యాంకులో నీళ్ళున్నాయో లేదో చూద్దామని ఎక్కానన్నాడు అతను. లేచి కుంటుతూ రెండడుగులు వేశాడు. ఆమె మొహం మారిపోయింది.

"పోయిందా? ఆ మోకాలు మళ్ళీ పోయిందా?"

ఆమె దృష్టిలో ఆ ఇంట్లో మోకాలు ఒక్కటే, అది కుడిది. కాదు, ఎడమది అని చెప్పాలంటే ఎందుకన్నది కూడా చెప్పాలి. లైన్‌మ్యాన్ నోరు తెరిచి, బావమరిదిని చూసి, మూసుకున్నాడు. ఐదు నిమిషాల్లో అతను కుర్చీలో ఉన్నాడు. ఆమె తువ్వాలులో ఐస్ ముక్కలు చుట్టి కుడిమోకాలికి అదిమి పట్టుకుని అరగంటసేపు నేలమీద కూర్చుంది. కుడిమోకాలు మొద్దుబారిపోయింది. పక్కనే ఎడమమోకాలు నిప్పులమీద ఉన్నట్టు మండుతోంది, దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. ఆ కాలికేం కాలేదక్కా అని బావమరిది నిజం చెప్పి ఆ పూటకి సరిపడా చీవాట్లు తిన్నాడు. కట్టుపట్టీ బిగిస్తూ ఆమె మొహం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. లైన్‌మ్యాన్‌కు మోకాలికన్నా అది ఎక్కువ నొప్పెట్టింది. అయినా చెప్పలేదు.

వంటింట్లోకి వెళ్ళి ఆమె ఇంజినీరు గారికి ఫోన్ చేసింది. ఆయనకి మళ్ళీ దెబ్బ తగిలింది, ఒక్క వారం గడువివ్వండి అని అడగడం ఆమె ఉద్దేశం. గడువు తన చేతిలో లేదని చెప్పి, నువ్వేం బెంగపెట్టుకోకమ్మా అన్నాడాయన. ఇంజినీరు గారు నిజంగా మంచివాడు. ఆ మంచితనంతో చిక్కల్లా అది ఆయన ఆలోచనకన్నా ముందు బయలుదేరడమే. తొమ్మిదిన్నరకల్లా జీపు గుమ్మంలో ఆగింది. ఆయన చేతిలో టైపు చేసిన ఉత్తర్వు ఉంది.

"నువ్విక స్తంభం మొహం చూడక్కర్లేదయ్యా. కౌంటర్‌లో పర్మనెంటుగా వేసేశాను. వీపుకి దిండున్న కుర్చీ కూడా రాయించాను" అన్నాడు, వరమిచ్చినంత తృప్తిగా.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. లైన్‌మ్యాన్ కుర్చీలోంచి లేచాడు. తనకేమీ కాలేదని, కుడికాలు వజ్రంలా ఉందని చెబుతూ పట్టీ ఊడదీసి, కుడికాలిమీద ఒంటికాలితో నిలబడి చూపించాడు. ఎడమకాలు ఎలాగూ నేలమీద ఆనడం లేదు కాబట్టి ఆ పని అతనికి సులువే అయింది. నిమిషం దాటినా కదల్లేదు. బాగానే ఉన్నాడే అని ఇంజినీరు గారు అనుమానపడ్డాడు. నొప్పి దిగమింగుతున్నాడండీ, ఆయన సంగతి మీకు తెలియదు అని భార్య కన్నీళ్ళు పెట్టుకుంది. నడిచి చూపించమన్నాడు ఆయన. నాలుగడుగులు నడిచాడు.

ఆ నాలుగడుగుల మీద గదిలో మూడు అభిప్రాయాలు వచ్చాయి. కుడికాలు కుంటుతోందని భార్య, తన కంటికి ఎడమకాలు అనిపిస్తోందని ఇంజినీరు గారు, కుడికాలు మరీ బలంగా పడటంవల్ల ఎడమకాలు వెలవెలబోతోందని బావమరిది. వాదన తెగలేదు. చివరికి ఇంజినీరు గారు, మనలో మనకెందుకు, ఆ ఫిజియోథెరపిస్టు ఏమంటే అదే ఖాయం, పరీక్ష తప్పితే ఈ ఉత్తర్వు అక్కడే చేతికిచ్చేస్తానని, అందరినీ జీపెక్కించాడు. దారి పొడవునా లైన్‌మ్యాన్ స్తంభాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. వాటిలో చాలావాటి పైకొస అతనికి తెలుసు.

ఫిజియోథెరపిస్టు గది ఇరుకు. ఒక బల్ల, గోడకు నిలువెత్తు అద్దం, మేకులకు వేలాడే రబ్బరు పట్టీలు, నేలమీద అంకెల టేపు. గుమ్మంనుంచి బల్లదాకా ఆరడుగులు. లైన్‌మ్యాన్ పళ్ళు బిగించి ఆ ఆరూ నడిచాడు. ఆవిడ కాగితంలోంచి తలెత్తి కాళ్ళవైపు చూసింది, వెనకాల వచ్చిన ముగ్గురినీ చూసింది, మళ్ళీ కాళ్ళవైపు చూసింది.

ఎప్పటిలాగే బాగున్న కాలు ముందు చూపించమంది. ఈసారి కుడికాలు ముందు చూడండి మేడమ్ అని లైన్‌మ్యాన్ బతిమాలాడు. ఎందుకని ఆవిడ అడిగితే, మార్పు కోసమని బావమరిది జవాబిచ్చాడు. ఆవిడ ఆ జవాబు వినిపించుకోనట్టే వచ్చి ఎడమ పైజామా పైకి మడిచింది. మోకాలి లోపలిపక్క బొటనవేలితో నొక్కింది. అతను బల్ల అంచు పట్టుకున్నాడు. కాస్త వంచి పక్కకు నెట్టి చూసింది. అతనికి చుక్కలు కనబడ్డాయి.

"ఎడమకాలితో ఈ రోజు దూకడం లేదు" అని చెప్పేసింది ఆవిడ.

  ఎడమకాలు దూకకపోతే పోలిక లేదు, పోలిక లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే కాగితం లేదు. ఇంజినీరు గారి చెయ్యి అప్పుడే జేబులోని ఉత్తర్వుమీదికి వెళ్ళింది. బావమరిది పెన్సిలు కిందికి దించి, సున్నాతో భాగించకూడదు కదా అని తనలో తాను గొణుక్కున్నాడు. ఆ గొణుగుడు ఆవిడ విన్నది. ఏమిటా భాగహారమని నిలదీసింది.

లైన్‌మ్యాన్ ఇక దాచలేకపోయాడు. లవం, హారం, ఇరవై రెండు మెట్లు, బకెట్, అన్నీ వరసగా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ నేలమీది టేపునే చూశాడు, భార్యవైపు చూడలేదు. చివరి మాటలు మాత్రం ఆమెకే చెప్పాడు.

"భయమేసింది. ఆ కౌంటర్‌లోనే ముసలాణ్ణయిపోతానని భయం, లేకపోతే కాలు కోస్తారని భయం. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు."

"వద్దనేదాన్నే" అందామె. "మూడు నెలలు మీ కాలి పక్కనే కూర్చున్నాను. పొద్దున బాగున్న కాలికి ఐస్ పట్టుకుని ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నారు కదండీ."

  ఫిజియోథెరపిస్టు ఫైలు తెరిచి వెనక్కి తిప్పింది. ప్రతివారం ఎడమకాలు దూకిన దూరం అందులో వరసగా ఉంది.

"ఇవన్నీ ఊరికే రాసుకున్నాననుకున్నారా? మీ ఎడమకాలు ఇప్పటిదాకా దూకినదాంట్లో ఏది ఎక్కువో, నేను పోల్చేది దానితో. ఈ రోజు అది ఎంత దూకినా, అసలు దూకకపోయినా నాకొకటే. అలసిన కాలితో వచ్చినవాళ్ళు మీకు ముందు నలుగురున్నారు. గాయం చేసుకుని వచ్చింది మాత్రం మీరే మొదలు" అని, టేపుమీద ఒకచోట సుద్దతో గీత గీసింది. "నూట ముప్ఫై మూడుకి తొంభై వంతులంటే నూట ఇరవై. కుడికాలితో మూడుసార్లు దూకండి. గీత దాటితే సంతకం పెడతాను."

ముందు కుడిపిక్క లాగి చూసింది. గట్టిగా ఆగింది. లైన్‌మ్యాన్ టేపు మొదట్లో కుడికాలిమీద నిలబడ్డాడు. మొదటిసారి దూకాడు. నూట పదమూడు. పడిపోకుండా నిలబడ్డాడు కానీ గీత చాలా దూరంలో ఉంది. రెండోసారి దూకేముందు ఊపిరి బిగబట్టాడు, అతనితోపాటు గదంతా బిగబట్టింది. నూట పదిహేడు. ఇంజినీరు గారు ఉత్తర్వు జేబులోంచి సగం తీశాడు. బావమరిది ఏదో సలహా చెప్పబోతే అక్క చెయ్యెత్తి ఆపింది. తర్వాత మొగుడివైపు చూసి, ఇంట్లో గడియారం పట్టుకుని కూర్చున్నప్పుడు రోజూ అన్నట్టే, మోకాలు వంచి లేవండి, చేతులు విసరండి అంది. ఆ గొంతులో కోపం ఇంకా ఉంది. అతను మోకాలు వంచాడు, చేతులు విసిరాడు, దూకాడు. మడమ గీత అవతల పడింది. తూలాడు, ఎడమకాలు గాలిలో ఊగింది కానీ నేలకు ఆనలేదు. ఆవిడ వంగి చూసి మూడు అంకెలు లెక్కపెట్టేదాకా అతన్ని అలాగే నిలబెట్టింది.

"నూట ఇరవై ఒకటి" అంది.

నూటికి తొంభై ఒకటి అని బావమరిది అలవాటుకొద్దీ పైకి అనేశాడు. ఈసారి ఎవరూ అతన్ని తిట్టలేదు. అంటే రాత్రంతా హాయిగా పడుకుని, పొద్దున్నే కాఫీ తాగి, తిన్నగా వచ్చి దూకి ఉంటే పని అయిపోయేదన్నమాట. ఈ సంగతి గదిలో అందరికీ ఒకేసారి తట్టింది. లైన్‌మ్యాన్ బల్లమీద కూర్చుని నవ్వాలో ఏడవాలో తెలియక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. భార్య ఆ తువ్వాలు లాక్కుని తన కళ్ళు తుడుచుకుంది.

ఫిజియోథెరపిస్టు కుడిమోకాలి కాగితంమీద సంతకం పెట్టి ఇంజినీరు గారి చేతికిచ్చింది. ఆయన ఉత్తర్వు మడిచి, చించడానికి మనసొప్పక, మరి ఆ కుర్చీ ఏం చేయాలని అడిగాడు. ఎడమమోకాలి పక్క లిగమెంటు సాగింది కానీ తెగలేదని, కోత అక్కర్లేదని, నాలుగువారాలు స్తంభాల జోలికి పోకుండా వ్యాయామం చేస్తే సరిపోతుందని ఆవిడ చెప్పింది. ఆ నాలుగువారాలూ కుర్చీ వాడుకోవచ్చని ఆయన సంతోషించాడు. గడువు కుడికాలికి కదా, ఎడమకాలికి వేరే మూడు నెలలుంటుందని కూడా తేల్చాడు. లైన్‌మ్యాన్‌కు ఆ కౌంటర్ అంటే ఇంకా పడదు, కాకపోతే ఇప్పుడు దానికి ఒక ఆఖరి తేదీ ఉంది.

ఆవిడ కొత్త ఫైలు తీసింది. దెబ్బ తగిలిన కాలు అన్నచోట ఎడమ అని రాసింది. బాగున్న కాలు ముందు చూపించండి అనగానే లైన్‌మ్యాన్ మూడు నెలల అలవాటుకొద్దీ ఎడమకాలు చాపాడు. ఆవిడ దాన్ని మెల్లగా పక్కకు పెట్టి, కుడికాలు దగ్గరికి లాక్కుంది.

"ఇకనుంచి మీ బాగున్న కాలు ఇది. దీన్ని మీ బావమరిది కంట పడనివ్వకండి."